పరదా వెనకాయన

"ఆరు గంటల నుంచి ఆరూ ముప్పావు దాకా ఎక్కడున్నావు హ్యూ?"

"ఉన్నచోటే ఉన్నాను సార్జెంటుగారూ."

పదకొండుసార్లు అడిగాను. పదకొండుసార్లూ అదే జవాబు. గ్లాన్‌మోరా పోలీసు స్టేషనులో ఉన్నది ఒకే ఒక ఖైదుకొట్టు. అందులో హ్యూ స్కాహిల్ చెక్కబల్ల మీద కూర్చుని, తడిసిన టోపీని మోకాళ్ల మధ్య పెట్టుకుని దాని అంచు తిప్పుతున్నాడు. నలభై ఆరేళ్లవాడు, పెళ్లి కాలేదు. నాలుగు గొర్రెలు, ఒక బంగాళాదుంపల చెక్క, కొండ అంచున ఒక ఇల్లు. ఊళ్లో ఎవరితోనూ తగాదా లేదు. తగాదా పెట్టుకోవడానికైనా ఎవరో ఒకరు మాట్లాడాలిగదా.

ఆ పొద్దున గరవన్ మాస్టారిని ఆయన వంటింట్లోనే ఎవరో తలమీద కొట్టి చంపారు. కొట్టింది పీట్, అంటే పొయ్యిలో కాల్చే నల్లమట్టి గడ్డలు, కోసే పారతో. ఆ పార హ్యూది.

"పార నీదేనా?"

"నాదే. ఎప్పుడూ మాస్టారి కొట్టంలోనే ఉంటుంది. ఆయన కాలు కుంటి. పొయ్యిలోకి పీట్ నేనే కోసి పెడతాను."

"సాయంత్రం ఆరింటికి కారు వస్తుంది. నిన్ను కాసిల్‌బార్ తీసుకుపోతారు. ఆ తరవాత డబ్లిన్. అక్కడ ఉరికంబం ఇంకా తీసెయ్యలేదు, తెలుసా?"

"తెలుసు."

"ఎవరినైనా కాపాడుతున్నావా?"

హ్యూ తలెత్తి చూశాడు. ఆ చూపులో నవ్వులాంటిది ఉంది గాని నవ్వు కాదు.

"మా ఇంటిపేరు తెలిసే అడుగుతున్నారా? మావాళ్లు కాపాడే రకం కాదు గదా. పట్టిచ్చే రకం."

ఆ మాట ఈ ఊళ్లో ఉగ్గుపాలతోనే పోస్తారు. రెండొందల యాభై ఏళ్ల కిందట, కతోలిక పూజ చేస్తే తల తీసే రోజుల్లో, కొండలోయలో ఒక బండమీద రహస్యంగా పూజ చేస్తున్న గురువును సైనికులు వచ్చి కాల్చి చంపారట. ఆ జాడ చెప్పినవాడు స్కాహిల్ అట. అప్పటినుంచీ ఊళ్లో ఆవు ఈనకపోయినా, పాలు విరిగినా స్కాహిల్ చూపు తగిలిందంటారు. నేను పక్క జిల్లావాణ్ని. పదకొండేళ్లుగా ఈ ఊరి వానలో నానుతున్నా, ఆ కోపం మాత్రం నాకు అంటలేదు.

బయట అటూ ఇటూ నడుస్తున్న బూట్ల చప్పుడు ఆగింది. డబ్లిన్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ హ్యాకెట్ తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకున్నాడు. పక్క పట్నంలో వేరే పనిమీద ఉన్నవాడు, హత్య అనగానే పది గంటలకల్లా వాలాడు, పదకొండింటికల్లా హ్యూని పట్టుకున్నాడు. ఇప్పుడు ఒంటిగంటన్నర.

"ఏమైనా కక్కాడా?"

"లేదు సార్."

"అక్కర్లేదు కూడా. ఇటు రా డర్కన్."

ముందుగదిలో నా బల్లమీదే ఆయన తన కాగితాలు పరిచాడు. నా టీ గ్లాసు కిటికీలోకి పోయింది. ఆయన నా చేతికిచ్చిన కాగితం డామినిక్ మెల్వీ వాంగ్మూలం. మెల్వీ అంటే ఊళ్లో పెద్ద దుకాణం, దాని పక్కనే సారాయంగడి, జిల్లా బోర్డులో కుర్చీ. అందులో ఇలా ఉంది:

"ఈ ఉదయం ఆరు గంటలకు పూజబండ దగ్గర పూజ మొదలైంది. మా వంశం ఆనవాయితీ ప్రకారం నేను కాపలా మిట్టమీద నిలబడ్డాను. ఆరూ పదిహేనుకు హ్యూ స్కాహిల్ వాగు దాటి గరవన్ మాస్టారి ఇంటివైపు పోవడం చూశాను. ఆరూ నలభైకి పూజ ముగిసేదాకా నేను అక్కడే ఉన్నాను. మా ఊరి ఫాదర్ లావెల్‌గారి దగ్గు మిట్టమీదికి కూడా వినిపించింది. అందరి తరవాత దిగివచ్చి సత్ప్రసాదం తీసుకున్నాను."

"డాక్టరు ఆరుకీ ఏడుకీ మధ్య అన్నాడు," అన్నాడు హ్యాకెట్. "పోస్టుమ్యాన్ ఏడుంపావుకి శవాన్ని చూశాడు. పార వాడిది. చూసిన సాక్షి ఉన్నాడు. నువ్వు ఇంకా దేనికోసం వెతుకుతున్నావు?"

"పూజకొచ్చిన మిగతా అరవైమంది ఏమన్నారు?"

"ఏమన్నారా? ఒక్కడూ ఎవరినీ చూడలేదట. పక్కన మోకరించినవాణ్ని కూడా. పూజ ఎవరు చేశారయ్యా అంటే చూడలేదు. ఇది ఊరా, గుడ్డివాళ్ల ఆశ్రమమా?"

"అది ఆనవాయితీ సార్. ఆ రోజుల్లో పట్టుకుంటే బైబిలు మీద ప్రమాణం చేయించి అడిగేవారు, పూజ చేసింది ఎవరని. అబద్ధం చెబితే ఆత్మకి చేటు, నిజం చెబితే గురువు మెడకి చేటు. అందుకని రెండు కర్రల మధ్య దుప్పటి పరదాగా కట్టేశారు. గురువు దాని వెనక. జనం ఎవరి దారిన వాళ్లు విడివిడిగా వచ్చి, ముసుగు కప్పుకుని, నేల చూస్తూ మోకరిస్తారు. దుప్పటి సందులోంచి చెయ్యి వచ్చి నాలికమీద అప్పం పెడుతుంది. ఎవరిదని అడిగితే చూడలేదని నిజమే చెప్పొచ్చు. ఏడాదికొకసారి, ఈ పేతురు పౌలు పండగనాడు, ఇప్పటికీ అలాగే చేస్తారు."

"మన రాజ్యం మనకొచ్చి ముప్పై ఏళ్లయింది."

"ఆనవాయితీకి ఆ కబురు అందలేదు సార్."

"నువ్వెందుకు వెళ్లలేదు?"

"పోలీసు టోపీ ఆ పూజకి వెళ్లకూడదు. అదీ ఆనవాయితీయే."

హ్యాకెట్ ముక్కుతో నవ్వాడు. నేను వాంగ్మూలం మళ్లీ చదివాను. ఎక్కడో పంటికింద రాయి తగిలినట్టుంది.

"సార్, పదకొండేళ్లలో ఆ పూజ చేసినాయన పేరు ఈ ఊరివాళ్ల నోట నేను వినలేదు. పరదా వెనకాయన అంటారు, అంతే. మెల్వీ పేరు పెట్టి చెప్పాడేమిటి? దగ్గుతో సహా?"

"నలుగురిలో తిరిగే మనిషి గనక. డర్కన్, కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నేరం ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు వాడు. నీకెందుకీ యావ?"

"మాస్టారి ఇల్లు ఇంకోసారి చూస్తాను సార్."

"నేనూ వస్తాను. తరవాత నా వెనక ఏదో దొరికిందని చెప్పకుండా."

* * *

మాస్టారి ఇల్లు పూజబండకి దిగువన, వాగుకి ఇవతల. కాపలా మిట్టనుంచి నా నడకకి సరిగ్గా ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ మిట్ట ఎలాంటిదంటే, అక్కడ నిలబడ్డవాడికి లోయంతా కనిపిస్తుంది, బండ దగ్గర తల వంచుకున్నవాళ్లకి మాత్రం వాడు ఉన్నాడో లేడో తెలియదు.

వంటింట్లో నేలమీద రక్తం నల్లబడింది. ఆయన కూర్చున్న కుర్చీ పక్కకి ఒరిగి ఉంది. పొయ్యిమీద కెటిల్‌లో నీళ్లు ఇగిరిపోయి అడుగు మాడింది. బల్లమీద ఒకే కప్పు, సగం తాగిన టీ. గరవన్ మాస్టారు నాకు చదరంగం నేర్పిన మనిషి. ప్రతి ఆదివారం నన్ను ఓడించి, ఓడించినందుకు క్షమాపణ చెప్పేవాడు. ఆ కప్పుకేసి మళ్లీ చూడలేకపోయాను. నా మొహం హ్యాకెట్‌కి కనిపించకూడదని పొయ్యిలోకి వంగాను.

పీట్ బూడిద తెల్లగా పిండిలా ఉంటుంది. దానిమీద నల్లటి పొరలు, పొరలు. కదిపితే ఇత్తడి మూల ఒకటి బయటపడింది. పుస్తకం అట్టకి వేసే మూల.

"కాగితాలు కాల్చారు," అన్నాను.

గోడ అలమరలో మాస్టారి నోటుపుస్తకాలున్నాయి. ముప్పై ఏళ్లుగా ముసలివాళ్ల దగ్గర కూర్చుని ఊరి కథలన్నీ ఆయన రాసుకున్నవి. ప్రతి పుస్తకానికీ అంకె. ఒకటి నుంచి పదమూడు వరకూ ఉన్నాయి. పద్నాలుగోది ఉండాల్సిన చోట ఖాళీ, దాని కింద దుమ్ము లేని గీత.

"ఇంకేం," అన్నాడు హ్యాకెట్. "అందులో స్కాహిల్ వంశం సంగతి రాశాడు. వీడికి కోపం వచ్చింది. చంపాడు, తగలబెట్టాడు. నా కేసు నువ్వే బలపరుస్తున్నావు."

"పుట్టినప్పట్నుంచీ ఊరంతా మొహం మీదే అంటుంటే రాని కోపం, పుస్తకంలో రాస్తే వస్తుందా?"

"కోపం ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు?"

నేను లోపలి చిన్నగదిలోకి వెళ్లాను. మాస్టారి భార్య పోయాక ఆ గది తలుపు తెరవగా నేను చూడలేదు. ఇప్పుడు మంచంమీద ఉతికిన దుప్పట్లు, తలగడమీద తల ఒత్తుకున్న గుంట. తలవైపు ముక్కాలిపీటమీద నిండా నీళ్లగ్లాసు, దానిమీద సాసరు మూత. గుక్కెడు కూడా తాగలేదు. మంచం కింద ఒక కాగితం పొట్లం, అందులో రెండు తెల్లటి మాత్రలు. ఒకదాన్ని నాలిక కొసకి తాకించాను. చేదు నెత్తికెక్కింది.

"క్వినైన్. మా మేనమామ ఆఫ్రికాలో పనిచేసి వచ్చి, చచ్చేదాకా ఇవే మింగాడు."

"మాస్టారివేమో."

"మాస్టారు ఈ జిల్లా దాటలేదు. దోమ కుడితే జ్వరం వచ్చే ఊరు కాదు ఇది. నిన్న రాత్రి ఇక్కడ ఒక అతిథి పడుకున్నాడు సార్. వేడిదేశం నుంచి వచ్చినవాడు. మంచినీళ్లు పక్కనే పెట్టుకుని కూడా ముట్టలేదు."

"పొద్దున సత్ప్రసాదం తీసుకోవాలనుకుంటే ఎవరైనా అర్ధరాత్రి దాటాక నీళ్లు ముట్టరు."

"అవును. కాని ఆ అతిథిని ఊళ్లో ఒక్కరూ చూడలేదు. పొద్దున ముసుగులు కప్పుకున్న జనంలోకి ఒక కొత్త మనిషి వచ్చి మోకరిస్తే, చూడకపోయినా పసిగడతారు. ఏ చోటికి వెళ్తే ఎవరూ పసిగట్టరు?"

హ్యాకెట్ నాకేసి చూశాడు. తెలివితక్కువవాడు కాదు, తొందరమనిషి అంతే.

"పరదా వెనకకి," అన్నాడు నెమ్మదిగా. వెంటనే తల విదిలించాడు. "ఫాదర్ లావెల్ పూజ చేసి వచ్చి పడుకున్నాడని ఇంటిపనిమనిషి మా కాన్‌స్టేబులుతో చెప్పింది. దగ్గు ఎక్కువైందట. నీకు ఆరింటిదాకా టైముంది. ఆరుంపావుకి నీ ఊహలతో నాకు పనిలేదు."

ఆయన వెళ్లాక నేను ఫాదర్ ఇంటికి పోయాను. పనిమనిషి తలుపు సగం తెరిచి, ఫాదర్ మంచం మీదున్నారు, లేపకూడదంది. ఆ ఛాతీ దగ్గు రోడ్డు మలుపు దాకా వినిపించేది. నేను గుమ్మంలో అయిదు నిమిషాలు మాట్లాడినా లోపల్నుంచి చిన్న సకిలింపు కూడా లేదు. కారు పెట్టే కొట్టం తెరిచే ఉంది, కారు లేదు. ఆవిడ మొహం ఎర్రబడింది.

దారిలో పోస్టుమ్యాన్ ఎదురైతే ఒకటే ప్రశ్న వేశాను: హ్యూ స్కాహిల్‌కి ఉత్తరాలు వస్తాయా? ఏడాదికొకటి, క్రిస్మస్‌కి, అన్నాడు. నైజీరియా తపాలా బిళ్లతో.

* * *

హనోరా అవ్వకి ఎనభై మూడేళ్లు. ఊళ్లో సగంమందికి మంత్రసాని ఆవిడే. తలుపు కింది సగం మూసి, పై సగం తెరిచి, ఒళ్లో గిన్నె పెట్టుకుని దుంపల తొక్క తీస్తోంది.

"పోలీసాయన పూజరోజున ఇంటికొస్తే మంచిది కాదంటారు నాయనా."

"మంచిది కానిది పొద్దున్నే జరిగిపోయింది అవ్వా. పూజకి వెళ్లావా?"

"వెళ్లాను."

"చేసిందెవరు?"

"చూడలేదు."

"చూశావా అని అడగడం లేదు. ఆయన దగ్గాడా?"

తొక్క తీస్తున్న చెయ్యి ఆగింది.

"చెవులు మూసుకోవాలని ఆనవాయితీలో లేదు," అంది. "దగ్గలేదు. ఒక్కసారి కూడా."

"మరి డామినిక్ మెల్వీ దగ్గు విన్నానని రాసిచ్చాడే?"

"డామినిక్ ఏం విన్నాడో డామినిక్‌నే అడుగు."

"హ్యూ తమ్ముడు ఈయన్ ఎక్కడున్నాడవ్వా?"

"ఓడలమీద పోయాడన్నారు. ఇరవై రెండేళ్లయింది."

"ఓడ దిగాక ఏమయ్యాడు?"

ఆవిడ ఇంకో దుంప తీసుకుంది. నేను తలుపుమీద మోచేతులు ఆనించాను. "అవ్వా, మాస్టారు నీ దగ్గర కూర్చునేవాడు. పద్నాలుగో పుస్తకం పొయ్యిలో కాలిపోయింది. అందులో ఏముంది?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. శాలువా అంచుతో తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది.

"పిచ్చి మాస్టారు. డబ్లిన్ నుంచి ఎవరో ఏదో పాత ఉత్తరం పంపారట, ఆ సైనికుల కెప్టెను రాసింది. గురువు జాడ చెప్పినవాడు స్కాహిల్ కాదట. ఆ పొద్దున కాపలా ఉన్న మెల్వీ ఇంటివాడట. వాడు వస్తున్న సైనికుల్ని చూసి కూడా ఈల వెయ్యలేదట. తరవాత కాపలాలో చచ్చాడని కథ కట్టుకున్నారు, రాతిమీద పేరు చెక్కించుకున్నారు. ఈ ఆదివారం బడిలో అందరికీ చదివి వినిపిస్తానన్నాడు. వద్దు మాస్టారూ అన్నాను. కనీసం ముందు మెల్వీ ఇంటివాళ్లకి చెప్పడం మర్యాద అన్నాడు. మొన్న వెళ్లి చెప్పి వచ్చాడు."

మర్యాద మనిషిని చంపడం నేను అంతకుముందు చూడలేదు.

"ఈ మాట స్టేషనుకొచ్చి చెబుతావా? ఆరింటికి హ్యూని తీసుకుపోతున్నారు. ఉరి తీస్తారు."

"పుస్తకం కాలిపోయిందంటున్నావు. ఉత్తరం నేను చూడలేదు. ఎనభై మూడేళ్లు ఈ ఊళ్లో బతికాను నాయనా, ఇంకో రెండేళ్లు బతకాలి." గిన్నె తీసుకుని లేచింది. "నేనేమీ చూడలేదు."

తలుపు పై సగం కూడా మూసుకుంది.

* * *

అయిదింటికి కొట్టులోకి వెళ్లి హ్యూ పక్కన బల్లమీద కూర్చున్నాను. గొంతు తగ్గించి చెప్పాను.

"నీ తమ్ముడు ఈయన్ నైజీరియాలో గురువు. నిన్న రాత్రి మాస్టారింట్లో పడుకున్నాడు. ఫాదర్ లావెల్ ఒప్పుకుని తన చోటు ఇచ్చాడు. పొద్దున పూజ చేసింది ఈయన్. ఆ తరవాత కొండ అవతలి రోడ్డులో లావెల్ నడిపే కారెక్కాడు. ఇప్పుడు ఎక్కడో ఓడలో ఉన్నాడు. మాస్టారు పోయిన సంగతి వాళ్లిద్దరికీ తెలియదు. నువ్వు పరదా వెనక మోకరించి గురువు మాటలకి లాటిన్ జవాబులు చెప్పావు."

అతను టోపీ తిప్పడం ఆపేశాడు.

"అమ్మ కోరిక," అన్నాడు. "చచ్చేముందు అడిగింది. ఒక్కసారి ఆ బండమీద వాడు పూజ చెయ్యాలని. స్కాహిల్ చెయ్యి ఆ బండమీద పడితే ఊరు ఊరుకుంటుందా? మాస్టారే ఈ దారి చెప్పారు. పరదా ఉంది గదా అన్నారు."

"మరి చెప్పవేం? లావెల్ రేపటికి వస్తాడు. ఈ లోపల నిన్ను పట్నం తీసుకుపోతే, వాంగ్మూలం కోర్టుకెక్కితే, మెల్వీ మాటకీ నీ మాటకీ..."

"సార్జెంటుగారూ, వాళ్లంతా వాడి చేత్తో సత్ప్రసాదం తీసుకున్నారు. తెలిస్తే ఉమ్మేస్తారు. ఆ పాపం ఎవరి నెత్తిన పడుతుంది? ఇంకోటి. ఇన్నేళ్లలో పరదా వెనక ఎవరున్నారో బయటపెట్టినవాడు లేడు. మొట్టమొదట బయటపెట్టినవాడు స్కాహిల్ అనిపించుకోమంటారా?"

"ఉరి తీస్తారు హ్యూ."

"తీస్తే తియ్యనివ్వండి. పట్టిచ్చేవాళ్లం కాదని ఒక్కడైనా చూపించాలిగదా."

నాకు ఒళ్లు మండింది. అతని భుజాలు పట్టుకుని ఊపేశాను. ఊపి ఏం లాభం? అతను చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెడితే, సంతకం చెయ్యడు. నేను ఊహించానంటే హ్యాకెట్ నవ్వుతాడు.

ఆరుకి పది నిమిషాలుండగా కారు వచ్చింది. వాంగ్మూలం చివరి పేజీమీద సంతకం పెట్టడానికి డామినిక్ మెల్వీ కూడా వచ్చాడు. దళసరి కోటు, మెరిసే బూట్లు, చేతిలో గొడుగు. సంతకం పెట్టి కలం విసిరాడు.

"మెల్వీగారూ, ఒక్క సందేహం," అన్నాను. "ఫాదర్ దగ్గు ఎప్పుడు వినిపించింది?"

"మొదట్నుంచీ. మధ్యలో మరీ ఎక్కువైంది. పాపం, ఆ ఛాతీతో ఆయన ఆ కొండెక్కడమే గొప్ప."

తలుపు చప్పుడయింది. హనోరా అవ్వ. ఆవిడ వెనక వానలో ఊరు. నలభైమంది ఉంటారు, ముసుగులు కప్పుకుని, పూజకి వచ్చినట్టే విడివిడిగా నిలబడ్డారు. అంత దూరం ఆ ముసలిది ఇల్లిల్లూ తిరిగిందంటే నేను ఇప్పటికీ నమ్మలేను.

"పరదా వెనకాయన దగ్గలేదు," అంది అవ్వ, హ్యాకెట్‌తో.

"దగ్గలేదు," అన్నాడు వెనక కమ్మరి బ్రెనన్.

"దగ్గలేదు," అంది బ్రెడ్డు చేసే లూసీ. ఆ మాట వరండామీదుగా వానలోకి పోయింది, ఒకరి తరవాత ఒకరు.

మెల్వీ మొహంలో రంగు మారింది, కాని గొంతు మారలేదు. "ఇరవై ఏళ్లుగా ఏటేటా వింటున్న దగ్గు. అలవాటుకొద్దీ ఒక ముక్క రాయించాను. గాలి ఎదురు, ఏం వినపడిందో ఏం లేదో. దానికే నన్ను దొంగని చేస్తారా? నేను మిట్టమీదే ఉన్నాను. దిగివచ్చి సత్ప్రసాదం తీసుకున్నాను. కాదనేవాడు ముందుకు రండి."

ఎవరూ రాలేదు. ఎలా వస్తారు, నేల చూస్తున్నవాళ్లు?

"దగ్గు సంగతి పక్కన పెడదాం," అన్నాడు హ్యాకెట్ జనంతో. "ఆ టైములో హ్యూ స్కాహిల్ ఎక్కడున్నాడు? మీలో ఎవరైనా చూశారా?"

నలభై తలలూ వంగాయి. హ్యాకెట్ కారువైపు సైగ చేశాడు.

"నేను చూశాను," అంది హనోరా అవ్వ.

జనంలో ఒక కదలిక. ఆ మాట ఆ ఊళ్లో ఆ పూజ గురించి అంతకుముందు ఎవరూ అనలేదు.

"పరదా సందులోంచి వచ్చిన చెయ్యి చూశాను. చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. ఆ వేలు ఈ ఊళ్లో ఒక్క ఇంట్లోనే పుడుతుంది. ఈయన్ స్కాహిల్ బొడ్డు నేనే కోశాను. అది వాడి చెయ్యి. చూశాను, తెలిసింది, తెలిసే నాలిక చాపాను. పక్కన జవాబులు చెప్పింది హ్యూ. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అక్కడే ఉన్నాడు."

నేను జనం మొహాలు చూశాను. ఎవరైనా ఉమ్ముతారేమోనని నిజంగా భయపడ్డాను. ఎవరూ ఉమ్మలేదు. ఆశ్చర్యపడినట్టు కూడా లేరు.

"హ్యూ గొంతు నేనూ పోల్చాను," అన్నాడు బ్రెనన్, నేలకేసి చూస్తూ.

"నేనూ," అంది లూసీ.

వాళ్లందరికీ తెలుసు. మొదటి లాటిన్ ముక్క వినగానే పరదా వెనక ఎవరున్నారో తెలుసు. ఎవరూ లేచి వెళ్లలేదు. అంతవరకూ మంచిదే. కాని ఆ మనిషిని పదకొండింటికి సంకెళ్లు వేసి తీసుకొస్తుంటే కిటికీల్లోంచి చూసి, సాయంత్రం దాకా ఆనవాయితీ వెనక దాక్కున్నారు. తిలాపాపం తలా పిడికెడు. ఆ క్షణంలో నాకు ఆ ఊరిమీద అసహ్యం వేసింది, అది ఇంకా పూర్తిగా పోలేదు.

అప్పుడు డామినిక్ మెల్వీ నవ్వాడు. పగలబడి, బల్ల పట్టుకుని నవ్వాడు.

"స్కాహిల్ చేత్తోనా? పట్టిచ్చినవాడి సంతానం చేతి అప్పం మింగి వచ్చి, నాకెదురుగా నిలబడతారా మీరు? మా ఇంటివాడు ఆ మిట్టమీద ప్రాణం ఇచ్చాడు. మా వంశంలో ఒక్క నోరూ అలా మైలపడలేదు. నా నాలికమీద ఆ చెయ్యి పడలేదు. కావాలంటే ప్రమాణం చేసి చెబుతాను."

హ్యాకెట్ కదలకుండా విన్నాడు. తరవాత బల్లమీది కాగితం తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, తొందర లేకుండా చదివాడు.

"అందరి తరవాత దిగివచ్చి సత్ప్రసాదం తీసుకున్నాను. ఇదీ ప్రమాణం చేసే చెప్పారు. సంతకం ఇంకా ఆరలేదు. ఏది నిజం మెల్వీగారూ?"

మెల్వీ నోరు తెరిచాడు. స్కాహిల్ చేత్తో తీసుకున్నాను అని ఒక్క మాట అంటే చాలు. వాంగ్మూలం నిలుస్తుంది, మిట్టమీద ఉన్నాడన్న మాట నిలుస్తుంది, ఆయన్ని ముట్టుకునేందుకు మా దగ్గర ఇంకేమీ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పెదాలు రెండుసార్లు కదిలాయి. నలభైమంది తలలెత్తి చూస్తున్నారు.

ఆ మాట ఆయన నోట రాలేదు.

"డర్కన్," అన్నాడు హ్యాకెట్, మెల్వీ మీంచి చూపు తిప్పకుండా. "హ్యూని బయటికి పంపి కొట్టు ఖాళీ చేయించు."